అరచేతిలోని అంగడి

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున నార్కట్‌పల్లి ఒక కూడలి. నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా అద్దంకికి పోవు దారి అచ్చటనే చీలుచున్నది. ఊరికి చేరువనే చెరువుగట్టు. ఆ గట్టుపై వెలసిన పార్వతీ జడల రామలింగేశ్వరస్వామి దర్శనమునకు అమావాస్య నాడు ఎచ్చటెచ్చటి జనులో వత్తురు. మాఘమాసమున జాతర జరుగును. జాతర అన్న తరువాత అంగళ్లు లేకుండ ఉండవు. గాజులవారు, బొమ్మలవారు, మిఠాయివారు బాటకు రెండు ప్రక్కల కూర్చుండి గొంతెత్తి పిలుతురు. పిల్లవాడు బొమ్మకై మారాము చేయును. తల్లి బేరమాడును. కుదిరినచో కొనును, కుదరనిచో పిల్లవాని చేయి పట్టి లాగుకొని పోవును. ఇందులో ఎవరికిని కీడు లేదు. అమ్ముట తప్పు కాదు. పిలిచి అమ్ముటయు తప్పు కాదు.

నేడు ప్రతి యువకుని అరచేతిలోను మరియొక అంగడి తెరువబడినది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్ అని దానికి పలు పేర్లు. ఇదియు అంగడియే అయినను జాతర అంగడికిని దీనికిని భేదము కలదు. జాతరలో కొనువాడు అమ్మువానిని చూచును. ఈ అంగడిలో అమ్మువాడు కొనువానిని చూచుచుండును గాని కొనువానికి అమ్మువాడు కనబడడు. జాతరలో ఒకే కేక అందరి చెవిని బడును. ఇచ్చట ఒక్కొక్కని చెవిలో ఒక్కొక్క మాట చెప్పబడును. జాతర కొన్ని దినములలో ముగియును, అంగళ్లు ఎత్తివేయుదురు. ఈ అంగడికి ఎత్తివేత లేదు. అర్ధరాత్రి మేలుకొన్నను అది తలగడ ప్రక్కనే తెరచియుండును.

ఇట్టి అంగడిలో నిలిచి యువకుల మనస్సును తన సరకు వైపు త్రిప్పుకొనుట వ్యాపారికి ధర్మమేనా? ఒప్పించుటకును వశపరచుకొనుటకును నడుమ గీత ఎచ్చట నున్నది? ఇది వ్యాపారశాస్త్రపు ప్రశ్న మాత్రమే కాదు. పిల్లలు గల ప్రతి ఇంటికిని, విద్యార్థులను పోషించు ప్రతి మఠమునకును ఎదురైన ప్రశ్న.

ఆ దేశమున పుట్టినవారు

2001వ సంవత్సరమున మార్క్ ప్రెన్‌స్కీ అను అమెరికా రచయిత, కంప్యూటర్లు, ఇంటర్నెట్‌ల నడుమ పుట్టి పెరిగిన తరమునకు ‘డిజిటల్ నేటివ్స్’ అని పేరిడెను. ఈ తరమువారు ఆ దేశమున పుట్టిన స్థానికులు, పెద్దలు ఆ దేశమునకు వలస వచ్చినవారు అని ఆయన భావము. తెలంగాణ పల్లెలలో ఈ తరము కొంత ఆలస్యముగా రూపుదాల్చినది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ఆరంభమై, ఇంటర్నెట్ తొలుత ఉచితముగను పిమ్మట చౌకగను దొరకిన తరువాత, పొలము గట్టుపై కూర్చున్న బాలుడును చలనచిత్రములు చూడగలిగెను. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించెను. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ తన ‘రీల్స్’ను ఈ దేశమున ప్రవేశపెట్టెను. ఒక అంగడి మూతపడగా ప్రక్కనే మరియొకటి తెరచుకొన్నది.

అచ్చట పుట్టినవాడు కనుక ఆ దేశపు గుట్టంతయు వానికి తెలియునని పెద్దలు తలచుచున్నారు. కుమారుడు క్షణములో టికెట్టు కొనును, బిల్లు కట్టును, తాతగారి ఫోను సరిచేయును. కావున వానిని ఎవరును మోసగింపజాలరని నిశ్చింతగా నున్నారు. ఇది పొరపాటు. ఏటి యొడ్డున పుట్టినవాడు ఈత నేర్చును గాని, నీటి అడుగున సుడి ఎచ్చట నున్నదో ఒకరు చెప్పినగాని ఎరుగడు. ఫోనును నడుపుట తెలిసియుండుట వేరు, ఆ ఫోను తన్నెట్లు నడుపుచున్నదో తెలిసియుండుట వేరు. ప్రెన్‌స్కీ మాటను తరువాతి విద్యావేత్తలు పలువురు ప్రశ్నించుటకును ఇదియే కారణము.

అంగడి నడచు తీరు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లను నడుపు మెటా సంస్థకు 2023లో వచ్చిన ఆదాయము సుమారు 13,490 కోట్ల డాలర్లు. అందు నూటికి 97 పాళ్లకు పైగా ప్రకటనల వలన వచ్చినదే. వాడుకొనువారిలో మిక్కిలి మంది ఆ సంస్థకు ఒక్క పైసయు చెల్లింపరు. మరి ఇంత ధనమెట్లు వచ్చుచున్నది? వారు చెల్లించుచున్నారు, కాని రూపాయలలో కాదు. తమ ధ్యాసను చెల్లించుచున్నారు. ఆ ధ్యాసను మూట గట్టి వ్యాపారులకు అమ్ముటయే ఈ అంగడి యజమానుల పని.

వ్యాపారి ఆ ధ్యాసను కొని యువకుని త్రిప్పుకొను మార్గములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది తెలిసికొనుట. ఏ చిత్రముపై వ్రేలు ఎంతసేపు నిలిచినది, దేనిని వెదకినది, ఎవరి పుటను పలుమార్లు చూచినది — ఇవన్నియు లెక్కింపబడును. ముఖముపై మొటిమలను గూర్చి వెదకిన బాలికకు లేపనపు ప్రకటన వచ్చును. చేతిలో డబ్బు లేక దిగులుపడు యువకునికి తక్షణ ఋణమిచ్చు యాప్ ఎదురగును. జాతరలో మిఠాయివాడు ఆకలి ముఖమును చూచి పిలిచినట్లే యని ఎవరైన అనవచ్చును. కాని మిఠాయివాడు ఆ పిల్లవాని వెంట ఇంటికి పోయి, వాడు నిద్రలో నేమి కలవరించుచున్నాడో వ్రాసికొనలేదు.

రెండవది నిలుపుకొనుట. 2009లో ఫేస్‌బుక్ ‘లైక్’ మీటను తెచ్చెను. పెట్టిన చిత్రమునకు మెప్పు ఎప్పుడు వచ్చునో, ఎంత వచ్చునో తెలియదు. కావున మాటిమాటికి తెరచి చూడవలెననిపించును. ఎంత జరిపినను చివర రాని తెరను 2006లో రూపొందించిన అజా రాస్కిన్, అది మనుష్యుల కాలమును ఎంతగా హరించుచున్నదో చూచి, తరువాతి కాలమున బహిరంగముగా విచారము వెలిబుచ్చెను. పుస్తకమునకు పుట చివరయున్నది, సినిమాకు విశ్రాంతియున్నది. ఆగి ఆలోచించుటకు అట్టి తావు ఒకటి కావలెను. ఆ తావు నిచ్చట తీసివేసినారు.

మూడవది తొందరపెట్టుట. ఇంకను పది నిమిషములే గడువు, ఇంకను రెండు వస్తువులే మిగిలినవి అని తెరపై గడియారము తిరుగుచుండును. గడువు ముగిసిన మరునాడు అదే ధర, అదే గడియారము.

నాలుగవది సాటివాని నోట చెప్పించుట. నాలుగింటిలో మిక్కిలి బలమైనదియు, ధర్మదృష్టితో మిక్కిలి విచారింపదగినదియు ఇదియే.

చుట్టరికము వెలకు పోవుట

సాటివాని చేత చెప్పించు ఉపాయము క్రొత్తది కాదు. 1929లో అమెరికా దేశపు న్యూయార్క్ నగరమున ఈస్టరు ఊరేగింపులో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించుకొని నడచిరి. స్త్రీలు వీధిలో పొగ త్రాగుట అప్పటికి తప్పుగా ఎంచబడుచుండెను. అది స్త్రీ స్వాతంత్ర్యమునకు గుర్తు అని పత్రికలు వార్తలు వ్రాసినవి. దానిని ఏర్పాటు చేసినవాడు ఎడ్వర్డ్ బెర్నేస్ అను ప్రచార నిపుణుడనియు, వెనుక సొమ్ము ఒక సిగరెట్ కంపెనీదనియు చూచిన జనులకు తెలియదు. స్వాతంత్ర్యమను గొప్ప కోరికను చూపి పొగాకును అమ్మినారు.

నాటి ఊరేగింపు ఏడాదికి ఒకమారు జరుగునది. నేడు ప్రతి గ్రామమునను అట్టి ఊరేగింపు నిత్యము నడుచుచున్నది. ఒక పేద యింటి యువకుడు తన ఊరి యాసలో, తన ఇంటి ముంగిటనే హాస్యపు వీడియోలు చేయును. జనులు నవ్వుదురు, మెచ్చుదురు. వేలమంది, పిమ్మట లక్షలమంది వాని వెంట నడతురు. వారినాతడు ‘అన్నా’ అనును, ‘తమ్మీ’ అనును, ‘చెల్లె’ అనును. వారును వానిని తమ ఇంటివానిగానే తలతురు. ఇంతవరకు ఇందులో దోషము లేకపోగా మేలే కలదు. తెలంగాణ మాటకు సినిమాలలో హాస్యగాని పాత్ర తప్ప చోటు లేని కాలము పోయి, ఆ మాటయే జనరంజకమైనది.

అప్పుడొక వ్యాపారి వచ్చును. వానికి ఆ యువకుని హాస్యముతో పని లేదు. ఆ ‘తమ్మీ’ అను పిలుపుతో పని. తాను పిలిచిన ఎవడును పలుకడు; ఈ అన్న పిలిచిన లక్షమంది పలుకుదురు. కావున ఆ పిలుపును వెల కట్టి కొనును.

2025 మార్చిలో హైదరాబాదులోని పంజాగుట్ట పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారము చేసిరను ఆరోపణపై 11 మంది యూట్యూబర్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసు నమోదు చేసిరి. మియాపూర్ పోలీసుల కేసులో సినిమా నటులతో కలిపి 25 మంది పేర్లు చేరినవి. పిమ్మట రాష్ట్ర ప్రభుత్వము ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమించినది. ఎవరిది ఎంత తప్పో తేల్చవలసినది న్యాయస్థానము. కాని జరిగిన పద్ధతి అందరి కన్నుల ఎదుట నున్నది. తెలంగాణలో ఆన్‌లైన్ జూదము 2017లోనే చట్టముచే నిషేధింపబడినది. అయినను, నూరు రూపాయలు పెట్టి వేలు గెలిచితినని చూపు వీడియోలు ఫోను నుండి ఫోనునకు ప్రాకినవి. గెలుపు తెరపైకి వచ్చును, ఓటమి రాదు. కళాశాల రుసుమునకై తండ్రి పంపిన డబ్బును, సోదరి పెండ్లికై దాచిన డబ్బును పోగొట్టుకొనినవారు, అప్పుల బాధకు ప్రాణములు తీసికొనినవారు పత్రికల వార్తలైరి.

ఇచ్చట మోసపోయినవాడు డిజిటల్ తరపు యువకుడు. వానిని పిలిచినవాడును ఆ తరపు యువకుడే. వ్యాపారి తెర వెనుక నున్నాడు. తెర ముందు తమ్ముని చేత తమ్మునికి గోతి త్రవ్వించినాడు. యువకులను ఈ ప్రభావము నుండి రక్షించుట ఎట్లని మాత్రమే పెద్దలు విచారించిన చాలదు. ఈ ప్రభావమునకు పనిముట్లుగా మారుచున్నదియు తమ ఇండ్ల యువకులేనని గుర్తింపవలెను.

బలవంతమేమున్నది?

దీనికి ఒక బదులు తరచుగా వినబడును. ఎవరును ఎవరి చేయిని పట్టి నొక్కించలేదు, ఇష్టమున్నవాడు చూచినాడు, ఇష్టమున్నవాడు కొన్నాడు, చూపించినవాని తప్పేమి? ఈ వాదమును త్రోసివేయుట సులభము కాదు. ఒప్పించు ప్రతి మాటయు దోషమే యనినచో బోధకును తావుండదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో, సామాన్యులకు తెలియు జాను తెనుగులో ఏల వ్రాసెను? జనుల మనస్సును త్రిప్పుటకే. జనుల నాలుకపై నున్న మాటతో జనుల హృదయమును చేరుట ఆనాడు పుణ్యమైనచో ఈనాడు పాపమెట్లగును?

ఇంకొక వైపు చూచిన, ఈ అంగడి మేలు చేయుటయు కలదు. పోచంపల్లి, పుట్టపాక ప్రాంతముల చేనేతవారు చీరల చిత్రములను ఫోనులో చూపి దూరదేశములవారికి అమ్ముకొనగలుగుచున్నారు. నడుమ దళారి తగ్గి, నేసినవానికి దక్కునది పెరుగును. బెట్టింగ్ ప్రకటనల వెల్లువను ఎదిరించుటకు, అప్పటి రోడ్డు రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టరు వి.సి. సజ్జనార్ వాడినదియు ఈ సామాజిక మాధ్యమములనే. కత్తి వంటింటిలోను నుండును, దొంగ చేతిలోను నుండును.

కావున దోషము సాధనములో లేదు, ఒప్పించుటలోను లేదు. మరి ఎచ్చట నున్నది? నేతగాడు చీరను చూపి ‘ఇది నేను నేసినది, ఇంత వెల, చూచి కొనుము’ అనును. చెప్పువాడెవడో, వానికేమి లాభమో వినువానికి తెలియును. బోధకుడు జనుల ఎదుట నిలిచి మాటలాడును. విన్నవాడు ఎదురు ప్రశ్న వేయవచ్చును. ఈ రెంటిలోను వినువాని ఎరుక మేలుకొనియుండును. మేలుకొనియున్నందున ఆ మాటకు నష్టము లేదు. బెట్టింగ్ ప్రకటన అట్టిది కాదు. వినువాడు ఒక్క నిమిషము ఆగి ‘ఈ అన్నకు దీనివలన ఎంత ముట్టినది? ఓడినవారి లెక్క ఎచ్చట?’ అని అడిగినచో ఆ ప్రకటన చచ్చిపోవును. వినువాని ఎరుక నిద్రించినప్పుడే బ్రతుకు మాట ఏదియో, అదియే వశీకరణము. గీత అచ్చట నున్నది. బలవంతమనగా చేయి పట్టి లాగుట మాత్రమే కాదు. ఆలోచించు శక్తిని మెల్లగా తప్పించి, తరువాత ‘నీ ఇష్టమే కదా’ యనుటయు బలవంతమే.

లక్కమ్మ వేసిన ప్రశ్న

కళ్యాణపు శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులుండిరి. వాకిళ్లలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. ఇల్లాలు సంతోషింపలేదు. ఈ అధికము ఎవరి మనస్సులో పుట్టినదని విచారించి, కావలసినంత ఉంచుకొని మిగిలినది తిరిగి పోసి రమ్మని భర్తను పంపెను.

ఈ కథను దురాశ కూడదను నీతిగా పలువురు చెప్పుదురు. అది నిజమే. కాని లక్కమ్మ మొదట అడిగినది బియ్యమెంత అని కాదు; ఆ కోరిక ఎవరిది అని. నేటి యువకునికి ఇంతకంటె ఉపయోగపడు ప్రశ్న మరియొకటి లేదు. ఉదయము లేని కోరిక సాయంకాలమునకు ఎట్లు పుట్టినది? ఈ బూట్లు, ఈ ఫోను, ఈ తెల్లని చర్మము, ఈ సులభ ధనము నిజముగా తనకు కావలసినవా, లేక ఎచ్చటనో ఒక కార్యాలయములో లెక్కలు వేసి తన మనస్సులో నాటబడినవా? 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన ఫేస్‌బుక్ అంతరంగిక పత్రములలో, ఇన్‌స్టాగ్రామ్ వలన కొందరు బాలికలకు తమ దేహముపైనే అసంతృప్తి పెరుగుచున్నదని ఆ సంస్థ పరిశోధకులే గుర్తించిన విషయమున్నది. తన దేహము తనకు నచ్చకపోవుట ఆ బాలిక మనస్సులో తానై పుట్టినది కాదు. పరుల కోరికను తన కోరికయని నమ్మించుటయే ఈ విద్య యొక్క సారము.

ఇష్టలింగమును ఎడమ అరచేతిలో నుంచుకొని దృష్టి నిలుపు ఆచారము గల ఇండ్లలో ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అరచేత నిలిపి చూపు నిలిపినది చూచువానిని తనవంటివానిగా మార్చును. ఆ చూపు విలువ పెద్దలకు తెలియును. దానిని అదే అరచేతిలో రోజునకు కొన్ని గంటలు మరియొకనికి తాకట్టు పెట్టుచున్నామన్న తలంపు మాత్రము చాలమందికి రాలేదు.

అమ్మువానికిని ఈ ప్రశ్న వర్తించును. వర్తకము కాయకమే. అయితే కాయకమునకు ఫలము తన శ్రమ నుండి రావలెను; పరుని ఏమరుపాటు నుండి వచ్చినది కాయకఫలము కాదు. లక్షమంది అనుచరులు గల యువకుని వద్దకు ప్రకటన వచ్చినప్పుడు వాడు తన్ను తాను అడుగవలసినది ఒక్కటే: ఈ వస్తువును తన సొంత తమ్ముని చేతిలో పెట్టునా? పెట్టనిచో, తెర అవతలి తమ్ముని చేతిలో ఏల పెట్టుచున్నాడు?

చట్టమును ఇల్లును

ప్రభుత్వములు ఊరకుండలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనకు పది లక్షల వరకును, మరల చేసినచో యాబది లక్షల వరకును జరిమానా విధింపనిచ్చుచున్నది. సొమ్ము తీసికొని చెప్పువారు ఆ సంగతిని స్పష్టముగా తెలుపవలెనని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మార్గదర్శకములిచ్చినది. తెరపై దొంగ గడియారము త్రిప్పుట వంటి 13 మాయోపాయములను అదే సంవత్సరము నవంబరులో నిషేధించినది. 2023 వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్ల లోపు పిల్లల నడవడిని వెంబడించి వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపరాదనుచున్నది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెముల ఆన్‌లైన్ ఆటలను, వాని ప్రకటనలను నిషేధించు చట్టము చేసినది. ఆస్ట్రేలియా దేశము 2025 డిసెంబరు 10 నుండి పదునారేండ్ల లోపు పిల్లలకు సామాజిక మాధ్యమముల ఖాతాలనే నిలిపివేసినది.

ఇవన్నియు కావలసినవే. కాని చట్టము అబద్ధమును పట్టుకొనగలదు. మనస్సులో నాటబడిన కోరికను పట్టుకొనలేదు. ఆ పని ఇంటిది. ఇంటివారు మొదట తమ చేతిలోని ఫోనును చూచుకొనవలెను. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి మందును, ప్రతి వార్తను నిజమని నమ్మి పదుగురికి పంపు తండ్రి, కుమారునికి వివేకము బోధింపజాలడు. ఫోను లాగుకొని దాచుటయు ఫలింపదు. దాచినది మిత్రుని చేతిలో దొరకును. ఒక్క పూట భోజనమువేళ ఇంటిల్లిపాది ఫోనులు ప్రక్కన పెట్టి, ఆనాడు చూచిన ప్రకటన ఒకటి తీసికొని, ‘దీనిని చెప్పించినదెవరు? మన చేత ఏమి చేయింపదలచినారు?’ అని పిల్లల చేతనే చెప్పించుట మేలు. ఈ తరపు పిల్లలు చురుకైనవారు. ఒకమారు సుడి చూపినచో రెండవమారు వారే పెద్దలకు చూపుదురు. మఠముల విద్యార్థి వసతి గృహములలో వారమునకొక సాయంకాలము ఇట్టి విచారణకు కేటాయించుట కష్టము కాదు. కళ్యాణపు అనుభవ మంటపమున నేతగాడును, పడవవాడును, ఇల్లాలును కూర్చుండి ప్రశ్నించుకొనినది నిత్యజీవితమును గూర్చియే.

చెరువుగట్టు జాతరలో తల్లి పిల్లవాని చేయి పట్టి అంగడి దాటించినది. ఆ పిల్లవాడు పెద్దవాడై, అంగడి వాని చేతిలోనికే వచ్చినప్పుడు, దాటించు చేయి బయటనుండి రాదు. కొనుటకు వ్రేలు చాపక ముందు ఒక్క క్షణము ఆగి ‘ఈ కోరిక ఎవరిది?’ అని అడుగు అలవాటే ఆ చేయి. దానిని పిల్లలకిచ్చుట పెద్దల పని. నిలుపుకొనుట పిల్లల పని.